ఇరవై కంప్యూటర్ల ఎత్తు బెల్లం

"సచ్చిన కంప్యూటర్లు ఎవడు కొంటడు బిడ్డా?"

ఘనపూర్ బస్టాండు ఎదురుగా ఉన్న తన మూడు షట్టర్లలో నడిమిదాన్ని కిరాయికి ఇచ్చే ముందు పోశయ్య శోభారాణిని అడిగిన మొదటి మాట ఇది. పేరడగలేదు, ఇంటిపేరడగలేదు, మొగుడేం చేస్తాడో కూడా అడగలేదు. ఆమె వెంట వచ్చిన ట్రాలీ ఆటోలో బోర్లించి ఉన్న డబ్బాల వంక చూశాడు, అడిగేశాడు.

"సచ్చినయని నీకెవలు చెప్పిండ్రు కాకా? పండుకున్నయి, అంతే," అంది శోభారాణి.

"పండుకున్నోటిని లేపుతవా?"

"నేను ముట్టుకుంటే లేవని మిషను లేదు."

ఈ మాట ఆమె అప్పటికే చాలామందితో అని ఉంది, తర్వాత ఇంకా చాలామందితో అంది. ఇందులో నిజం ముప్పావు వంతు. మిగతా పావు ఆమె గొంతు. పోశయ్య ఆ గొంతును నమ్మే అడ్వాన్సు తీసుకుని తాళంచెవి ఇచ్చాడు.

ఆ గొంతు కురవిలో తయారైంది. తండ్రి బుచ్చయ్యకు అక్కడ మైకుసెట్ల దుకాణం. వీరభద్రస్వామి జాతర నుంచి సర్పంచి ఎన్నికల దాకా కురవి చుట్టుపక్కల ఎవరు ఏం అరవాలన్నా బుచ్చయ్య డబ్బాల్లోంచే అరవాలి. ఇంట్లో ఎప్పుడు చూసినా ఒకటో రెండో యాంప్లిఫయర్లు మూత తీసి మోగుతూ ఉండేవి. అన్నం పెట్టమని అడగాలన్నా కేకేయాల్సిందే. ఏడో తరగతికి వచ్చేసరికి పిల్ల ఒక చేత్తో లెక్కలు చేస్తూ ఇంకో చేత్తో సోల్డరింగు కడ్డీ పట్టుకునేది. తర్వాత జనగామలో బీకాం కంప్యూటర్స్. ఆ మూడేళ్ళలో ఆమెను కంప్యూటర్ తాకనిచ్చింది బహు తక్కువ. ల్యాబు బయట చెప్పులు విడిచి, వరుసలో లోపలికి వెళ్ళి, నలుగురికి ఒకటి చొప్పున చూసి రావడమే. "దర్శనం మంచిగనే అయ్యేది, తీర్థం ఒక్కటే ఇయ్యకపోయేది," అంటుందామె.

పెళ్ళై ఘనపూర్ వచ్చింది. భర్త దేవేందర్ భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర డంపరు నడుపుతాడు. ఆమె అదే భూపాలపల్లిలో ఒక కంప్యూటర్ సెంటరులో టైపింగు నేర్పే పనికి కుదిరింది. సెంటరు మూతపడ్డ నాడు ఓనరు రెండు నెలల జీతానికి బదులు నాలుగు పాడైన కంప్యూటర్లు చూపించి, "ఇవే మిగిలినయమ్మా" అన్నాడు. ఏడవడానికి తగిన సందర్భమే. ఆమె మాత్రం నాలుగింటినీ విప్పి రెండు చేసింది, రెండూ అమ్మింది, జీతం కంటే కాస్త ఎక్కువే చేతికొచ్చింది. మర్నాటి నుంచి ఇంకెవరి దగ్గరా పనికి వెళ్ళలేదు.

ఆమె చేసే పని చెప్పడం తేలిక. ఆఫీసులు, బడులు పారేసిన కంప్యూటర్ తెచ్చి విప్పుతుంది, దుమ్ము ఊదుతుంది. గిరగిర తిరిగే పాత డిస్కు తీసేసి అరచేతిలో పట్టే కొత్త డిస్కు పెడుతుంది. విండోస్ తుడిచేసి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేస్తుంది. దానికి డబ్బు కట్టనక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, పన్నెండేళ్ళ ముసలి మిషను మీద కూడా లేడిపిల్లలా ఉరుకుతుంది. అర్థం కాలేదన్న వాళ్ళకు ఆమె చెప్పేది ఒకటే: "ఇల్లు గదే, కిరాయిదారు మారిండు. గీయన జర జాగల సర్దుకుంటడు, లొల్లి పెట్టడు."

తుడవడంలో ఒకసారి అతి చేసింది. ఒక దస్తావేజుల రైటరు కంప్యూటర్‌కు కొత్త సిస్టం వేస్తూ, ఆయన పదేళ్ళ నకళ్ళతోపాటు మనవడి మొదటి పుట్టినరోజు ఫొటోలు కూడా ఊడ్చేసింది. "నా కాయిదాలేయి శోభమ్మా?" అని ఆయన అడిగితే, "లోపలంత సాఫ్ చేసిన సార్, ఎంత మంచిగ ఉరుకుతుందో చూడుండ్రి" అంది. ఆయన కేకలు బస్టాండు దాకా వినిపించాయి. ఆమె జవాబులు బస్టాండు దాటి వినిపించాయి. ఆనాటి నుంచి ఏ మిషను వచ్చినా స్క్రూడ్రైవర్ అందుకునే ముందు "ఫోటోలున్నయా?" అని మూడుసార్లు అడుగుతుంది.

పోయిన అక్టోబరులో ఆమెకు పంటల కాలం వచ్చింది. పాత విండోస్‌కు కంపెనీ మరమ్మతులు ఆపేసింది. కొత్తది వేసుకోవాలంటే చాలాచోట్ల కంప్యూటరే కొత్తది కావాల్సి వచ్చింది. నిన్నటిదాకా బుద్ధిగా పనిచేసినవి తెల్లారేసరికి ముసలివైపోయాయి. వదిలించుకోవాలనుకునే వాళ్ళు ఎక్కువ, ఎలా వదిలించుకోవాలో తెలిసినవాళ్ళు తక్కువ.

సరిగ్గా అప్పుడే జనగామలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు పర్యావరణమూ మహిళా సాధికారతా కలిపి ఒక సదస్సు పెట్టి ఆమెను పిలిచారు. నలుగురు పెద్దలు భూమాత కన్నీళ్ళ మీద గంటన్నర మాట్లాడారు. ఒకాయన పాత కంప్యూటర్లను కాలనాగుతో పోల్చాడు. ఆమెకు శాలువా కప్పారు, పళ్ళెమంత మెమెంటో ఇచ్చారు. బస్సు చార్జీల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తన వంతు రాగానే శోభారాణి, ఎప్పుడూ అవసరం పడని మైకును పక్కకు జరిపి, "మీ వెనకాల రేకుల షెడ్డుల ఇరవై కంప్యూటర్లున్నయి, అమ్ముతరా?" అని అడిగింది.

చప్పట్లు కొట్టాలో మానాలో సభకు తోచలేదు. సాయంత్రానికి బేరం కుదిరింది. ఒకదానికి వైరు తగిలించి చూపించారు, వెలిగింది. మిగతావీ దీని తోడబుట్టినవేగా అనుకుని ఆమె డీసీఎం వ్యాను మాట్లాడుకుంది. శాలువా డబ్బాల మీద కప్పింది. బేరానికి పెట్టిన డబ్బు, పోశయ్యకు ఐదు నెలలుగా "రేపు కాకా" అంటూ ఇవ్వకుండా దాచిన కిరాయి.

ఆమెకు ఇంత ధైర్యం రావడానికి కారణం శైలజ. శైలజ ఘనపూర్‌లో ఇంగ్లీషు మీడియం బడి నడుపుతుంది. కంప్యూటర్ ల్యాబు ఉందని మూడేళ్ళుగా కరపత్రాల్లో వేస్తోంది. ఆ గదిలో ఉన్నవి విరిగిన బెంచీలు, రెండు పావురాలు. ఈ ఏడు తల్లిదండ్రులు తలుపు తీసి చూపించమన్నారు.

"ఇరవై కావాలె శోభా. మేడారం జాతర ముంగటనే కావాలె," అంది శైలజ. "జాతరైనంక మన దిక్కు ఎవ్వని జేబుల రూపాయి ఉండదు, ఫీజులడిగితే నన్ను చూసి గల్లీ మారుతరు. ఇరవై పెట్టు, అదే రోజు పైసలిస్త. ఒక్కటి తక్కువైనా వరంగల్ పోయి తెచ్చుకుంట."

పోశయ్య గడువు కూడా జాతరే. "జాతర ముంగట అయిదు నెలలది ఇయ్యకుంటే షట్టరు బిర్యానీ ఆయనకు ఇస్త," అని చెప్పేశాడు. ఊరికే బెదిరించే మనిషి కాడు. బిర్యానీ ఆయనను వెంటబెట్టుకునే వచ్చాడు.

డీసీఎం దిగిన మధ్యాహ్నం వాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. బిర్యానీ ఆయన టేపు పట్టుకుని పొయ్యి ఎక్కడ పెట్టాలో కొలుస్తున్నాడు. శోభారాణి మొదటి కంప్యూటర్‌కు వైరు తగిలించింది. ఫ్యాను తిరిగింది, తెర మీద ఏమీ రాలేదు. రెండోదీ అంతే. పదోదీ అంతే. జనగామలో వెలిగి చూపించినది కూడా దారిలో గుంతలు తిని పడుకుంది. ఇరవైకి ఇరవై నల్లటి మొహాలు వేసుకుని ఆమె వంక చూశాయి. జీవితంలో మొదటిసారి ఆమెకు గొంతు రాలేదు.

"గీడ డేక్స పెట్టొచ్చు," అన్నాడు బిర్యానీ ఆయన.

అత్త లక్ష్మీనర్సమ్మ మూలన స్టూలు మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. ఆమె రోజూ దుకాణానికి వస్తుంది. ఇంట్లో తోచదు, ఇక్కడ బస్టాండు కనిపిస్తుంది. కోడలి నోరు పడిపోవడం ఆమె ఏనాడూ చూడలేదు, భయపడిపోయింది. లేచి, కొంగు నడుముకు చుట్టి, మేడారం ఉన్న తూర్పు దిక్కుకు తిరిగి రెండు చేతులూ ఎత్తింది.

"తల్లీ సమ్మక్కా, సారక్కా! మా కోడలి కంప్యూటర్లు ఇరవైకి ఇరవై లేసి నడిస్తే, వాటెత్తు బంగారం నీ గద్దెకాడ పెట్టుకుంటం తల్లీ!"

మేడారంలో బంగారమంటే బెల్లమని ఆ ప్రాంతంలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. బిడ్డకు జ్వరం తగ్గినా, కొడుక్కి కొలువొచ్చినా, మొక్కుకున్న మనిషిని కాంటా ఎక్కించి అంత బెల్లం తూచి ఇస్తారు. మేకకు మొక్కినవాళ్ళున్నారు, పెంపుడు కుక్కకు మొక్కినవాళ్ళున్నారు. ఇరవై కంప్యూటర్లకు మొక్కడం మాత్రం ఆ రోజే మొదలు.

శోభారాణికి గొంతు తిరిగొచ్చింది. "అత్తమ్మా! కొబ్బరికాయ అనరాదు?"

"కొబ్బరికాయకు ఇరవై లేస్తయా?"

"ఒక్కదాని ఎత్తు అనరాదు?"

"ఒక్కటి లేస్తే శైలజమ్మ ఊకుంటదా? సగం మొక్కు మొక్కితే తల్లి సగమే లేపుతది."

"నేను ఇన్న," అన్నాడు పోశయ్య, రెండు చేతులూ జోడించి. "సాక్షి నేను. ఇగ తప్పదు."

తప్పదని అందరికీ తెలుసు. ఆ మండలంలో బ్యాంకు అప్పు ఎగ్గొట్టినవాడు తలెత్తుకుని తిరుగుతాడు, మేడారం మొక్కు ఎగ్గొట్టినవాడు తిరగలేడు. ఇప్పుడు శోభారాణి ముందున్న లెక్క ఇది: కంప్యూటర్లు లేవకపోతే దుకాణం పోతుంది, లేస్తే బెల్లం కొనాలి.

కోపంతో ఒక డబ్బా మూత పీకింది. లోపల ర్యామ్ పట్టీ తీసి వెలుతురుకు పెట్టింది. అంచున మెరవాల్సిన పళ్ళు మురికి పట్టి గోధుమరంగులో ఉన్నాయి. రేకుల షెడ్డులో మూడు వానాకాలాల తేమ. ఆమె మొహం విచ్చుకుంది. ఇది చావు కాదు, పాచి!

"అత్తమ్మా, ఉరుకు. తిరుపతన్న దుకాణంల పెన్సిలు గీతలు చెరిపే రబ్బర్లు ఎన్నుంటే అన్ని పట్కరా!"

తిరుపతిది నాలుగు దుకాణాల అవతల కిరాణం. జాతర దగ్గరపడటంతో దుకాణం ముందు బెల్లం కుప్పలు పోసుకుని కూర్చున్నాడు. అతని దగ్గర ఉన్నవి పిల్లల కోసం తెచ్చిన గులాబీరంగు రబ్బర్లే, స్ట్రాబెర్రీ వాసనవి. డబ్బా డబ్బా తీసుకొచ్చింది లక్ష్మీనర్సమ్మ. డ్యూటీ దిగి వచ్చిన దేవేందర్ బొగ్గు చేతులు కడుక్కోకముందే, భార్య అతని చేతిలో ఒక రబ్బరు పెట్టింది.

"ఏంది గిది?"

"రుద్దు. పట్టీ అంచుకు మెల్లగ రుద్దు. పళ్ళు తోమినట్టు."

అందరూ రుద్దారు. లక్ష్మీనర్సమ్మ బోళ్ళు తోమే ఊపులో రుద్దితే లాగేసుకుని బ్రష్షు ఇచ్చి దుమ్ము మీదికి పంపారు. పోశయ్య కొంతసేపు చూసి, ఊరికే కూర్చోవడం చేతకాక, ఒక రబ్బరు తీసుకున్నాడు. బిర్యానీ ఆయన కూడా టేపు జేబులో పెట్టుకుని రెండు పట్టీలు రుద్దాడు. షట్టరంతా స్ట్రాబెర్రీ వాసన. బస్సు దిగినవాళ్ళు ఐస్‌క్రీం దుకాణం పెట్టారేమోనని లోపలికి తొంగిచూసి, ఐదుగురు పెద్దలు నేల మీద కూర్చుని రబ్బర్లతో కుస్తీ పట్టడం చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయారు.

మొదటి కంప్యూటర్ "కిక్" మని ఒక చిన్న కూత పెట్టింది. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

"లేసింది!" అని అరిచింది శోభారాణి.

"ఒకటి!" అని అరిచింది లక్ష్మీనర్సమ్మ.

ఆ రెండు అరుపులూ ఒకటే సంతోషంలా వినిపించాయి గానీ, కోడలు లోపల్లోపల లెక్క వేసుకుంది. ఒకటంటే పదీ పదకొండు కిలోల బెల్లం. రెండోది లేచింది. మూడోది లేచింది. ప్రతి కూతకూ అత్త ఎగిరి గంతేస్తోంది, కోడలు ఎగిరి మధ్యలో ఆగుతోంది. పన్నెండోది లేచేసరికి తిరుపతి స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఎన్నైనయ్ చెల్లె? నాకు బెల్లం పక్కకు పెట్టాలె గదా." అంత భక్తిగా కంప్యూటర్ల వంక చూసిన కిరాణం యజమాని మరొకరు ఉండరు.

మర్నాడు మధ్యాహ్నానికి పంతొమ్మిది లేచాయి. ఇరవయ్యోది లేవలేదు. ర్యామ్ రుద్దారు, లేవలేదు. పట్టీ మార్చారు, లేవలేదు. గడియారం బిళ్ళంత బ్యాటరీ మార్చారు, లేవలేదు.

దేవేందర్ తల్లి టీ తాగడానికి వెళ్ళేదాకా ఆగి, భార్య చెవి దగ్గరికి వచ్చాడు.

"శోభా, గా ఒక్కదాన్ని పండుకోనియ్యి."

"ఎందుకు?"

"ఇరవైకి ఇరవై లేస్తేనే అన్నది అవ్వ. పంతొమ్మిదే లేసినయి. మొక్కు వర్తించదు. శైలజమ్మకు పైన అటుక మీద మన పాతదొకటి ఉంది గదా, గది ఇరవయ్యోదని ఇద్దాం. బెల్లం పైసలు మిగిలినట్టే."

దేవేందర్ రోజుకు పన్నెండు గంటలు డంపరులో ఒంటరిగా కూర్చునే మనిషి. అతను ఆలోచించినప్పుడు పకడ్బందీగా ఆలోచిస్తాడు. అందులో ఎక్కడా తప్పు లేదు. దేవతకు అబద్ధం చెప్పినట్టు కాదు, శైలజకు మోసం చేసినట్టు కాదు, పోశయ్య సాక్ష్యం కూడా నిలబడుతుంది. శోభారాణి ఒక నిమిషం పాటు ఆ రెండు క్వింటాళ్ళ బెల్లం తన మీద నుంచి దిగిపోవడం ఒళ్ళంతా అనుభవించింది. ఎంత హాయి! కొత్త స్క్రూడ్రైవర్ల పెట్టె కొనుక్కోవచ్చు. ఒక ఆదివారం లక్నవరం చెరువుకు పోయి రావచ్చు.

ఇరవయ్యో డబ్బాను గోడవైపుకు జరిపింది. అప్పుడే పోశయ్య గుమ్మంలోకొచ్చాడు.

"ఏంది శోభమ్మా, గది లేవలేదా? నువ్వు ముట్టుకుంటే లేవంది లేదంటివి?"

అంతే. అతను వెక్కిరించాలని కూడా అనలేదు, మామూలుగా అడిగాడు. దేవేందర్ భార్య మొహం చూసి, బెల్లం తిరిగి తన నెత్తి మీదికెక్కిందని అప్పుడే గ్రహించి, "వద్దు శోభా, వద్దే" అన్నాడు.

"ఎవలన్నరు లేవలేదని? ఇంక ముట్టుకోలేదు కాకా! మొదటి సారి ముట్టుకునేది ఇప్పుడే!"

మూత తీసి బోర్డు బయటికి లాగింది. కురవి దుకాణంలో చిన్నప్పుడు చూసిన జబ్బే ఇదీ. బోర్డు మీది చిన్న డబ్బీల్లాంటి కెపాసిటర్లు మూడు పైన ఉబ్బి, కారి ఉన్నాయి. తండ్రి యాంప్లిఫయర్లలో వీటినే "కడుపుబ్బరం" అనేవాడు. చెడిపోయిన వేరే బోర్డు నుంచి మూడు పీకింది, సోల్డరింగు కడ్డీ వేడిచేసింది. దేవేందర్ లేచి అటు తిరిగి కూర్చున్నాడు. ఒక కెపాసిటరు తిరగేసి పెట్టింది, తిట్టుకుని మళ్ళీ పీకింది, మళ్ళీ పెట్టింది. స్విచ్చి వేసింది.

"కిక్."

"ఇరవై!" అని వీధిలోంచే అరిచింది లక్ష్మీనర్సమ్మ, చేతిలో టీ ఒలికిపోతుంటే. శోభారాణి రెండు చేతులూ పైకెత్తి దుకాణంలో గిరగిరా తిరిగింది. భర్త తల పట్టుకున్నాడు. తిరుపతి తన దుకాణం నుంచి నవ్వుతూ చెయ్యి ఊపాడు. వీధి వీధంతా వినబడింది మరి.

తర్వాతి పని సులువు. ఒక్క పెన్‌డ్రైవు ఇరవైలోకి తిరిగింది. కొత్త డిస్కులు పెట్టింది, లినక్స్ వేసింది, పేర్లన్నీ తెలుగులో కనిపించేలా చేసింది, పిల్లలు రంగులేసే ఆటలు, లెక్కల ఆటలు పెట్టింది. తెర వెనక బొమ్మగా మిరపచేను ఫొటో పెట్టింది. నీలి ఆకాశమూ పచ్చకొండలూ చూసి చూసి ఆమెకు విసుగు.

జాతర ఇంకో నాలుగు రోజులుందనగా, బడికి పోయే దారిలో, కంప్యూటర్లన్నీ తిరుపతి దుకాణం ముందు దిగాయి. మిర్చి బస్తాలు తూచే ప్లాట్‌ఫాం కాంటా సిద్ధంగా ఉంది. అక్కడ ఒక చిన్న గొడవ మొదలైంది. శోభారాణి ముందురోజే పనికిరాని సీడీ డ్రైవులు, పాత డిస్కులు పీకేసి, దుమ్మంతా ఊదేసి, పక్క రేకులు కూడా విప్పి పట్టుకొచ్చింది.

"రేకులేవి?" అంది లక్ష్మీనర్సమ్మ.

"బండిల ఉన్నయి. రేకులెందుకు అత్తమ్మా తూకానికి?"

"మనిషిని తూచేటప్పుడు కాళ్ళు తీసి పక్కకు పెడతరా?"

రేకులు ఎక్కాయి. తెరల మీద ఇంకో లొల్లి. తెర వేరు, కంప్యూటర్ వేరు అని కోడలు, "ముఖం లేకుంట తూస్తరా తల్లికి?" అని అత్త. తెరలు ఎక్కాయి. దుమ్ము దగ్గర మాత్రం అత్త పట్టు వదల్లేదు. "మొక్కిన నాడు దుమ్ముతోనే ఉండె. గది గూడ లెక్కనే," అంది.

సాక్షి పోశయ్యను తీర్పు అడిగారు. ఆయన కండువా సవరించుకున్నాడు. "దుమ్ము లెక్కల రాదు. నేను మోకాళ్ళ నొప్పులకు మొక్కిన ఏడు రెండు పూటలు తినకుంట కాంటా ఎక్కిన. తల్లి ఏమనలె."

"నొప్పులు తగ్గినయా మరి?" అని అడిగాడు దేవేందర్.

"ఒక మోకాలు తగ్గింది."

దుమ్ము వదిలేశారు. చుట్టూ జనం చేరారు. తిరుపతి ముల్లు చూసి, రెండు క్వింటాళ్ళ ఇరవై రెండు కిలోలు అని ప్రకటించి, వెంటనే ఇంకో మాట అన్నాడు: "ఒక్కింటికి గింత బెల్లమంటే గుడుంబ కాస్తున్నరనుకుంటరు చెల్లె. ఆధార్ కార్డు ఇయ్యాలె."

"నాదియ్యాల్నా, కంప్యూటర్లదియ్యాల్నా?"

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుల మధ్యలోకి శైలజ స్కూటీ వేసుకుని దూసుకొచ్చింది. పన్నెండింటికల్లా బడిలో ఉండాల్సిన తన కంప్యూటర్లు బజారులో కాంటా మీద ఉన్నాయని ఎవరో ఫోను చేశారు.

"ఏంది శోభా! పాత ఇనుప సామానోనికి అమ్ముతున్నవా నా ల్యాబును?"

సంగతి చెప్పారు. ఆమె నమ్మలేదు. శోభారాణి ఒక కంప్యూటర్‌ను కాంటా మీదే పెట్టి, తిరుపతి దుకాణం ప్లగ్గులో వైరు గుచ్చింది. మిరపచేను కళకళలాడుతూ వచ్చింది. జనం "ఓ" అన్నారు. ఒక ముసలాయన కాంటాకు దండం పెట్టాడు. శైలజ గడియారం చూసుకుంది, జనాన్ని చూసింది, కంప్యూటర్ పక్కన పేర్చిన బెల్లం ముద్దలు చూసింది. ఆమె కళ్ళల్లో ఏదో వెలిగింది. బ్యాగులోంచి ఫోను తీసింది.

"జర పక్కకు జరుగుండ్రి. బెల్లమూ కంప్యూటరూ ఒక్క ఫొటోల రావాలె."

మర్నాటికల్లా బడి గేటు మీద ఫ్లెక్సీ లేచింది: "సమ్మక్క సారలమ్మల దీవెనలు పొందిన ఏకైక కంప్యూటర్ ల్యాబ్. అడ్మిషన్లు ప్రారంభం." దానికింద శైలజ నవ్వు. బెల్లం ఖర్చులో వాటా అడిగితే, "మొక్కు మీది గదా" అంది. మాట ప్రకారం కంప్యూటర్ల డబ్బు మాత్రం అవి బడికి చేరిన మధ్యాహ్నమే లెక్కపెట్టి ఇచ్చింది. పావురాలను వెళ్ళగొట్టిన గదిలో మూడో తరగతి పిల్లలు మౌసులు పట్టుకుని మిరపచేను మీద బాణాలు పరుగెత్తించారు. ఒక పిల్ల వచ్చీరాగానే తెరంతా తలకిందులు చేసింది, ఎలా చేసిందో ఇప్పటికీ తేలలేదు. శోభారాణి కూడా ఆ మీటను వెతికి, దొరక్క, "గట్లనే ఉండనియ్యి, మంచిగనే ఉంది" అని బయటికొచ్చింది.

ఆ కాంటా దగ్గర నిలబడ్డ జనంలోంచే, తూకం వేసిన రోజు సాయంత్రానికే ఆరుగురు దుకాణానికి వచ్చారు. మీసేవ నడిపే ఆయన రెండు తెచ్చాడు. బొగ్గుగనిలో రిటైరైన ఒక పెద్దాయన అటుక మీద నుంచి పాత డబ్బా టీవీ లాంటి తెర ఉన్న కంప్యూటర్‌ను ఇద్దరు మనుషుల చేత మోయించుకుని తెచ్చాడు. ఆ తెర ఒక్కటే ఇరవై కిలోలుంటుంది. దాన్ని బల్ల మీద దించుతుంటే లక్ష్మీనర్సమ్మ స్టూలు మీద నుంచి లేచి తూర్పుకు తిరిగింది.

"అత్తమ్మా!" అని శోభారాణి ఒక చెయ్యి పట్టుకుంది. "అవ్వా!" అని దేవేందర్ ఇంకో చెయ్యి పట్టుకున్నాడు. పోశయ్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"దండం పెట్టుకుంటానరా, దండం గూడ పెట్టుకోనియ్యరా?" అని ఆమె విడిపించుకుంది గానీ, నోరు మాత్రం తెరవలేదు.

మేడారంలో బెల్లం ముద్దలు చేతులు మారుతూ గద్దెల వైపు వెళ్ళాయి. తోపులాటలో ఎవరో, "ఎవలెత్తు అవ్వా గింత బంగారం?" అని అడిగితే లక్ష్మీనర్సమ్మ నెత్తిన ముద్ద సవరించుకుంటూ, "మా ఇరవై మందిది బిడ్డా," అంది. "అబ్బ, పెద్ద కుటుంబమే" అన్నాడతను. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ లక్షల జనంలో కడుపు పట్టుకుని నవ్వారు.

శైలజ ఇచ్చిన డబ్బులోంచి పోశయ్య ఐదు నెలల కిరాయి తూకం వేసిన రోజే తీరింది. ఆయన నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, బిర్యానీ ఆయనకు చివరి షట్టరు చూపించాడు. డిస్కుల కొట్టుకు కట్టాల్సింది కట్టేసరికి చేతిలో మిగిలింది ఐదు వేలు. దేవతకు ఉద్దెర పెట్టలేరు, పోశయ్యకు పెట్టలేరు. మిగిలింది తిరుపతే. కిలో యాభై చొప్పున పదకొండు వేల నూరు రూపాయల బెల్లానికి శోభారాణి ఆ ఐదు వేలు ఇచ్చింది. తిరుపతికి ఇంకా ఆరు వేల నూరు రూపాయలు ఇవ్వాలి.